ఉత్తుత్తి ఆట: పసిపిల్లల వేషాలు, వారి వికాసం

పిల్లల ఆటల్లో ఒకదానికి తెలుగువారు పెట్టుకున్న విశేషణం "ఉత్తుత్తి". కొబ్బరిచిప్పలో ఇసుక పోసి, పుల్లతో కలియబెట్టి, వచ్చిన అతిథి ముందుంచి, "ఇది ఉత్తుత్తి అన్నం, తినండి" అంటుంది నాలుగేళ్ల పాప. అదే ఆటలో హిందీ ప్రాంతపు పాప నోట వచ్చే మాట "ఝూఠ్ మూఠ్". వంగదేశంలో "మిఛిమిఛి" అంటారు. మహారాష్ట్రంలో "ఖోటం ఖోటం". ఈ మూడు మాటలకూ మూలార్థం అసత్యమే. తెలుగు మాటలో మాత్రం అబద్ధం లేదు. "ఉత్తి" అంటే వట్టి, కేవలం, ఏమీ లేని అని అర్థం. హిందీ నుండి అనువాదాలు చేసేటప్పుడు ఈ మాట వద్ద నేను ఒకటికి రెండుసార్లు ఆగవలసి వచ్చింది. "ఝూఠ్ మూఠ్ కా ఖానా" అన్నదానిని "అబద్ధపు భోజనం" అని వ్రాస్తే నిఘంటువు సంతోషిస్తుంది కాని, పాప దోషి అవుతుంది. నిజానికి ఆమె ఎవరినీ మోసగించడం లేదు. తన ముందున్నది ఇసుక అని ఆమెకు తెలుసు, అతిథికి తెలుసు, అతిథికి తెలుసునన్న సంగతి కూడా ఆమెకు తెలుసు. ఇద్దరూ తెలిసి తెలిసి, ఒప్పుకొని నడుపుకొనే వ్యవహారమది. ఆ ఇసుకను నిజంగానే నోట పెట్టుకోబోయే పెద్దమనిషిని చూచి మొదట కేక పెట్టేది ఆ పాపే.

ఇటువంటి ఆటలను వట్టి కాలక్షేపమని కొందరు, చదువుకు ఆటంకమని మరికొందరు భావించడం కద్దు. మూడేళ్లు నిండీ నిండకముందే పిల్లలను బడిలో చేర్చే అలవాటు పట్టణాలలోనూ పల్లెలలోనూ వ్యాపించిన ఈ రోజుల్లో, పలక మీద అక్షరాలు దిద్దే సమయం ముఖ్యమా, తువ్వాలును చీరకొంగులా తలపై వేసుకొని "అమ్మ"గా తిరిగే సమయం ముఖ్యమా అనే ప్రశ్న ప్రతి ఇంటా తలెత్తుతున్నది. సాధారణంగా పలకే గెలుస్తుంది. అందువల్ల ఆ తువ్వాలు చేసే పని ఏమిటో కొంత నిదానంగా పరిశీలించడం అవసరం.

ఆట పుట్టే వయసు

స్విట్జర్లాండుకు చెందిన సుప్రసిద్ధ మనోవిజ్ఞాని జాఁ పియాజే తన పిల్లల చేష్టలను ఏళ్ల తరబడి పరిశీలించి, 1945లో ఫ్రెంచి భాషలో ప్రకటించిన గ్రంథంలో ఒక చిన్న సంఘటనను నమోదు చేశాడు. ఏడాదీ మూడు నెలల వయసున్న ఆయన కుమార్తెకు కుచ్చుల అంచు గల ఒక గుడ్డ కంటబడింది. ఆ అంచు ఆమె దిండు అంచును పోలి ఉన్నది. వెంటనే ఆ గుడ్డను పట్టుకొని, బొటనవేలు నోట పెట్టుకొని, పక్కకు ఒరిగి నిద్రపోతున్నట్టు పడుకున్నది. ఆపుకోలేక నవ్వుతూనే ఉన్నది. నిజంగా నిద్ర వచ్చిన పిల్ల అలా నవ్వదు. ఆ నవ్వే ఉత్తుత్తికి తొలి గుర్తు.

రెండేళ్ల నాటికి బిడ్డ తాను నిద్రపోవడం మాని బొమ్మను నిద్రపుచ్చుతుంది. మూడు దాటాక మరొక పిల్లను కూడగట్టుకొని పాత్రలు పంచుకుంటుంది. ఇక్కడ తెలుగు పిల్లలు ఒక ప్రత్యయాన్ని వాడుకునే తీరు చూడముచ్చటగా ఉంటుంది. "నేను అమ్మనంట, నువ్వు పాపవంట, ఇది మన ఇల్లంట." ఎవరో చెప్పగా విన్న సంగతిని మరొకరికి చేరవేసేటప్పుడు పెద్దలు వాడే "అంట"ను పిల్లలు తెచ్చి, లేని ఇంటికి ద్వారబంధంగా నిలుపుతారు. ఆ మాట పడిన మరుక్షణం అరుగు ఇల్లవుతుంది. "అంట" లేకుండా "నువ్వు పాపవి" అంటే రెండో పిల్ల వెంటనే తిరగబడుతుంది. మూడేళ్ల పిల్లకు ఈ సూక్ష్మం ఎవరూ నేర్పలేదు.

ఈ ఆట ఏ ఒక్క ప్రాంతానికీ సొంతం కాదు. మన గుజ్జనగూళ్లు మహారాష్ట్రంలో "భాతుకలీ", వంగదేశంలో "రాన్నాబాటీ". మన బొమ్మల పెళ్లి హిందీ ప్రాంతాలలో "గుడ్డే గుడియా కా బ్యాహ్". అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్కపిడతలు చేస్తారు. కర్ణాటకలోని చెన్నపట్నంలో లక్కబొమ్మలు చేసే "ఆలె" కర్ర కూడా అదే జాతి చెట్టుది. ఇంకా వెనుకకు పోతే, సింధు నాగరికత నాటి హరప్పా, మొహెంజొదారోలలో చిన్న చిన్న మట్టిబండ్లు తవ్వకాలలో దొరికాయి. అయితే మట్టిబండి ఇచ్చినంత మాత్రాన పిల్లవాడు ఆడుకుంటాడని అనుకోరాదు. శూద్రకుని "మృచ్ఛకటికం"లో చారుదత్తుని కొడుకు రోహసేనుడు పొరుగింటి పిల్లవాని బంగారు బండితో ఆడుకుంటాడు. అది తిరిగి వెళ్లిపోగా, దాసి రదనిక మట్టిబండిని చేసి ఇస్తే అది నాకు వద్దని ఏడుస్తాడు. పెద్దలు "ఇదే బంగారం అనుకో" అంటే ఆట పుట్టదు. "అనుకుందాం" అనవలసినది పిల్లలే.

హామిద్ భుజం మీది చిమటా

పిల్లల ఊహాక్రీడను ఇంత నిశితంగా గమనించిన కథ భారతీయ సాహిత్యంలో మరొకటి ఉన్నదా అని నాకు అనిపించేది ప్రేమ్‌చంద్ "ఈద్‌గాహ్" విషయంలో. 1933లో వెలువడిన ఈ కథను నాయనమ్మ మీద మనుమడి ప్రేమకు ఉదాహరణగా పాఠ్యపుస్తకాలలో బోధిస్తారు, అది సమంజసమే. కాని శిశుమనస్తత్వాన్ని అధ్యయనం చేసేవారు దానిని మరొకసారి, ఆటల కోసం చదవాలి.

పండుగనాటి సంతలో మహమూద్ సిపాయి బొమ్మను కొంటాడు, మొహసిన్ నీళ్లు మోసే భిస్తీని, నూరే వకీలును, సమ్మీ చాకలి స్త్రీ బొమ్మను. జేబులో మూడే పైసలున్న హామిద్, రొట్టెలు కాల్చేటప్పుడు నాయనమ్మ అమీనా వేళ్లు కాలుతున్నాయని గుర్తు తెచ్చుకొని ఇనుప చిమటా కొంటాడు. దీనిని తెలుగులో "పట్టకారు" అనక తప్పదు కాని, అన్నం వండుకునే మన ఇళ్లలోని పట్టకారు వేడి గిన్నె దించడానికి పనికివచ్చే పొట్టి వస్తువు. పెనం మీది రొట్టెను తిప్పే చిమటా పొడవుగా, బద్దలా ఉంటుంది. ఈ భేదం కథకు ముఖ్యం. ఎందుకంటే హామిద్ ఆ చిమటాను తుపాకిలా భుజాన వేసుకొని మిత్రుల ముందుకు నడుస్తాడు. వంటసామాను ఒక్క అడుగులో ఆయుధమైపోయింది.

ఆ తరువాత సాగే వాదోపవాదం చూడండి. ఎవరి బొమ్మ గొప్పదన్న తగవులో నలుగురు పిల్లలూ బొమ్మల పక్షాన మాట్లాడుతారు. సిపాయి ఏం చేయగలడు, వకీలు ఏం చేయగలడు, పులి ఎదురైతే ఎవరు నిలబడతారు అని తర్కిస్తారు. మట్టిబొమ్మకు ప్రాణం లేదని అందరికీ తెలుసు. ఆ సంగతి ఎత్తిన వాడు ఆటను చెడగొట్టినట్టే కనుక ఎవరూ ఎత్తరు. ఒప్పుకున్న ఊహకు లోబడి న్యాయంగా వాదించి హామిద్ గెలుస్తాడు. ఓడినవారు తమ బొమ్మలను అతని చేతికిచ్చి, చిమటాను తమ చేతుల్లోకి తీసుకొని చూస్తారు.

ఇంటికి చేరిన తరువాత బొమ్మలకు పట్టిన గతిని పాఠకులు తరచు మరచిపోతారు. వకీలు నేలమీద కూర్చోరాదు కనుక నూరే అతనికి గోడపై ఆసనం ఏర్పరచి విసనకర్రతో విసురుతాడు. ఆ విసురుకే వకీలు పడి పగిలిపోతాడు. సిపాయి నడిచి పహరా తిరిగితే మర్యాద కాదు కనుక మహమూద్ అతనిని బుట్ట అనే పల్లకిలో ఊరేగిస్తాడు. కాలు విరిగితే వైద్యుడై అతికించబోతాడు. ఏ వృత్తికి ఏ మర్యాద, ఏ వృత్తికి ఏ నియమం అనే విషయాన్ని ఈ పిల్లలు బొమ్మల ద్వారా పరీక్షించి చూచుకుంటున్నారు.

కర్ర గుర్రమయ్యేది ఎలా

ఈద్‌గాహ్ కథ వెలువడిన 1933లోనే సోవియట్ మనోవిజ్ఞాని లెవ్ విగోత్‌స్కీ పిల్లల ఆటలపై లెనిన్‌గ్రాడ్‌లో ఒక ఉపన్యాసం చేశాడు. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. విషయం మాత్రం ఒకటే. పసిబిడ్డకు వస్తువు ఏది చెబితే అదే పని: తలుపు కనబడితే తెరవాలి, గంట కనబడితే మోగించాలి. కర్రను గుర్రం చేసుకొన్న నాడు మొదటిసారి వస్తువు నుండి అర్థం విడివడుతుంది. కంటికి కనబడేది కర్ర. చేష్టను నడిపించేది గుర్రమనే భావం. అయితే ఆ భావం ఇంకా గాలిలో నిలువలేదు, దానికి ఊతంగా ఏదో ఒక కర్ర కావాలి, కాళ్ల మధ్య పట్టే కర్ర కావాలి. క్రమేణా ఊత అక్కరలేకపోతుంది. "క" అనే గీత ఒక ధ్వనికి బదులు నిలుస్తుందని, "5" అనే గుర్తు ఐదు గోళీలకు బదులు నిలుస్తుందని ఒప్పుకోవడానికి కావలసినది ఈ శక్తియే. పలకకూ తువ్వాలుకూ మధ్య తగవు పెట్టేవారు ఈ సంబంధాన్ని గమనించడం లేదు.

ఆట అంటే నియమం లేని స్వేచ్ఛ అన్న అభిప్రాయం కూడా సరికాదు. "కండక్టరు" వేషం వేసిన పిల్లవాడు కిటికీ పక్కన కూర్చోవాలని ఎంత ఉన్నా కూర్చోడు. కండక్టరు నిలబడే ఉండాలి. ఇంట్లో ఎవరు చెప్పినా నిలబడని వాడు అక్కడ నిలబడతాడు. 1948లో సోవియట్ పరిశోధకురాలు మనుయిలెంకో ఈ విషయాన్నే పరీక్షించింది. ఊరికే కదలకుండా నిలబడమన్నప్పటి కంటే, కాపలా సిపాయిగా నిలబడే ఆటలో పిల్లలు చాలా ఎక్కువసేపు నిశ్చలంగా ఉన్నారు. అదే సంవత్సరం ఇస్తోమినా ప్రకటించిన పరిశోధనలో, పాఠంగా అప్పజెప్పమంటే మరచిపోయిన మాటలను, దుకాణానికి వెళ్లి సరుకులు తెచ్చే ఆటలో పిల్లలు ఎక్కువగా గుర్తుంచుకున్నారు.

వేషం విషయంలో ఇటీవలి పరీక్ష ఒకటి ప్రస్తావించదగినది. 2017లో అమెరికాలో నాలుగేళ్ల, ఆరేళ్ల పిల్లలు 180 మందికి విసుగు పుట్టించే పని ఒకటి అప్పగించి, పక్కనే వినోదానికి ఒక తెరపై ఆటను ఉంచారు. కొందరిని "నేను కష్టపడుతున్నానా?" అని తమను తాము ప్రశ్నించుకోమన్నారు. కొందరిని తమ పేరుతో తమను మరొకరి వలె చూచుకోమన్నారు. మరికొందరు బ్యాట్‌మ్యాన్ వంటి కథానాయకుని వేషం ధరించి, "బ్యాట్‌మ్యాన్ కష్టపడుతున్నాడా?" అని అడుగుకున్నారు. వేషం ధరించినవారే పనిని ఎక్కువసేపు విడువక చేశారు. భుజాన వేసుకున్న గుడ్డ పిల్లవానికి బలాన్నివ్వలేదు. తన విసుగు నుండి తనను ఒక అడుగు దూరం జరిపింది.

ఇతరుల మనసును గ్రహించడానికీ ఈ ఆటకూ సంబంధం ఉన్నదని చాలామంది భావిస్తారు. తల్లి అరటిపండును చెవి దగ్గర పెట్టుకొని టెలిఫోనులో మాట్లాడినట్టు మాట్లాడితే రెండేళ్ల బిడ్డ టెలిఫోను గురించీ అరటిపండు గురించీ తికమక పడదు; తల్లి "అనుకుంటున్నది" అని గ్రహిస్తుంది. 1987లో ఆలన్ లెస్లీ అనే పరిశోధకుడు, ఎదుటివారి తలపులను గ్రహించే శక్తికి ఇదే తొలి మొలక కావచ్చునని ప్రతిపాదించాడు.

భయానికి కూడా ఆటలో చోటు ఉన్నది. ఆసుపత్రిలో సూది వేయించుకొని ఏడ్చిన పిల్ల ఇంటికి వచ్చి బొమ్మకు సూది వేస్తుంది, బొమ్మను ఊరడిస్తుంది, మళ్లీ వేస్తుంది. 1920లో ఫ్రాయిడ్ తన మనుమడు దారం కట్టిన కండెను మంచం అవతలికి విసరి, మళ్లీ లాగి, తల్లి వెళ్లి రావడాన్ని ఆటగా ఆడుకున్న వైనాన్ని వర్ణించాడు. తన మీద జరిగినదాన్ని తానే జరిపించేదిగా మార్చుకోవడం ఇందులోని రహస్యం.

ఎంతవరకు నమ్మవచ్చు?

ఇంత చెప్పిన తరువాత రెండో వైపు చూపకపోవడం న్యాయం కాదు. 2013లో ఆంజెలిన్ లిల్లార్డ్, ఆమె సహచరులు అప్పటివరకు జరిగిన పరిశోధనలన్నిటినీ సమీక్షించారు. ఊహాక్రీడలు ఎక్కువగా ఆడే పిల్లలలో భాష, సాంఘిక నేర్పు మెరుగ్గా కనబడవచ్చు కాని, ఆట వల్లనే అవి వచ్చాయని చెప్పడానికి చాలినంత బలమైన ఆధారాలు లేవని వారు తేల్చారు. భాష, కథ చెప్పే నేర్పు వంటి కొన్నింటి విషయంలో ఆట తోడ్పడుతూ ఉండవచ్చు; సృజనశక్తి విషయంలో ఆధారం బలహీనం. మాటలాడే తల్లిదండ్రులు, తీరిక ఉన్న ఇల్లు, తోటి పిల్లలు, వీటి ఫలితాన్నే మనం ఆటకు ఆపాదిస్తున్నామేమో. నా మట్టుకు నాకు ఇది ఆటకు వ్యతిరేకమైన తీర్పుగా తోచలేదు. ఆటను మందు మాత్రగా చూడవద్దని చెప్పే హెచ్చరికగా తోచింది.

మరియా మాంటిస్సోరి కూడా ఊహాక్రీడను పెద్దగా ఆదరించలేదు. నిజమైన చీపురు, నిజమైన కుండ అందుబాటులో ఉంటే పిల్లలు బొమ్మ చీపురును కోరరని ఆమె అనుభవం. 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉండి, ఆమె ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. కాని ఆమె భావాలను అంతకు ముందే ఆదరించిన గిజుభాయ్ బధేకా వాటిని ఉన్నవి ఉన్నట్టు దించుకోలేదు. వకీలు వృత్తిని విడిచి, 1920లో భావనగర్‌లో బాలమందిరం తెరిచిన ఆయన, మాంటిస్సోరి పరికరాల సరసనే కథకూ పాటకూ నాటకానికీ పీట వేశాడు. తెలుగులో "పగటికల"గా వచ్చిన ఆయన "దివాస్వప్న" చదివినవారికి ఆ తరగతి గదిలో పిల్లల నాటకాలు ఎలా సాగేవో గుర్తుండే ఉంటుంది. తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్‌లు 1945లో బోర్డీలోనూ, తరువాత కోస్‌బాడ్‌లోనూ వార్లీ ఆదివాసుల పిల్లల మధ్య పనిచేసినప్పుడు, ఖరీదైన పరికరాల స్థానంలో ఆకులూ గింజలూ గులకరాళ్లూ వచ్చాయి. 1975 అక్టోబరు 2న 33 చోట్ల ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ద్వారా "అంగన్‌వాడీ" అనే మాట దేశవ్యాప్తమైంది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుండి ఎనిమిదేళ్ల వరకు గల దశను ఒకే పునాది దశగా గుర్తించి, అందులో ఆటకు ప్రాధాన్యమిచ్చింది. 2023 ఫిబ్రవరిలో "జాదూయీ పిటారా" అనే ఆటవస్తువుల పెట్టెను విడుదల చేశారు. పెట్టె వచ్చింది. దానిని పిల్లల చేతికిచ్చి ఊరుకునే ఓపిక ప్రతి చోటా వచ్చిందా అన్నది వేరే ప్రశ్న.

వేదిక మీది వేషం

మన పాఠశాలల్లో వేషం అనగానే గుర్తుకు వచ్చేది వేషధారణ పోటీ. ఒక వార్షికోత్సవంలో నాలుగేళ్ల పాప ఒకతె ఝాన్సీరాణి వేషంలో వేదికపై నిలబడింది. అట్టకత్తి చేతిలో, కిరీటం కళ్ల మీదికి జారుతున్నది. కంఠస్థం చేయించిన నాలుగు మాటల్లో రెండు చెప్పి ఏడ్చింది. జనం జాలిగా చప్పట్లు కొట్టారు. తరువాత కార్యక్రమం సాగుతుండగా ఆ పాపను వేప చెట్టు కింద చూశాను. మరో ఇద్దరు పిల్లలతో కలిసి ఒక రాతిగుంటలో ఆకులు వేసి కూర వండుతున్నది. కలియబెట్టే గరిటె ఆ అట్టకత్తే. వేదిక మీద పాప ఆడలేదు. పెద్దలు ఆమెతో ఆడారు. చెట్టు కింద మాత్రం ఆమే ఆడింది.

జాతీయ సమైక్యతను చాటే కార్యక్రమాలలోనూ ఈ లోపం కనబడుతుంది. ఒకరికి తలపాగా చుట్టి "నువ్వు పంజాబ్" అంటారు. ఒకరికి ఎర్ర అంచు తెల్లచీర కట్టి "నువ్వు బెంగాల్" అంటారు. ఐదేళ్ల పిల్లవానికి పంజాబ్ అంటే బిగుతుగా చుట్టిన తలపాగా అని మాత్రమే తెలుస్తుంది. అంతకంటే అమృత్‌సర్‌లోని లంగరులో అందరూ ఒకే వరుసలో కూర్చొని భోజనం చేస్తారని కథ చెప్పి, విస్తళ్లు వేసి, ఉత్తుత్తి రొట్టెలు వడ్డించే పనిని పిల్లలకే అప్పగిస్తే, తలపాగా లేకపోయినా వారు కొంతసేపు అక్కడికి వెళ్లి వస్తారు.

పిల్లల ఆటలన్నీ నిర్మలమైనవే అని కూడా చెప్పలేము. ఛత్తీస్‌గఢ్ గ్రామాలలో అక్షయ తృతీయనాడు, అంటే వారి "అక్తీ" నాడు, పిల్లలు మట్టిబొమ్మలైన పుతరా, పుతరీలకు ముచ్చటగా పెళ్లి చేస్తారు. అదే తిథినాడు ఉత్తరాది పల్లెల్లో నిజమైన బాల్యవివాహాలు కూడా జరుగుతూ వచ్చాయి. ఆట లోకాన్ని చూచి నేర్చుకుంటుంది. కట్నం బేరం, తాగివచ్చిన తండ్రి, వీధిలోని కొట్లాట కూడా బొమ్మరింట్లో ప్రవేశిస్తాయి. కోప్పడి ఆట మాన్పిస్తే అవి పిల్లల మనసు నుండి పోవు. పెళ్లికి వచ్చిన చుట్టంలా కూర్చొని, "పెళ్లికూతురికి ఎన్నేళ్లండీ? బడి మానేస్తుందా?" అని అడగవచ్చు. జవాబు పిల్లలే చర్చించుకుంటారు. అలాగే మగపిల్లవాడు అమ్మ చీర చుట్టుకున్నాడనో, ఆడపిల్ల పోలీసు టోపీ వదలడం లేదనో కంగారు పడవలసిన పని లేదు. తనకు దగ్గరగా ఉండే మనిషి ఎలా నడుస్తుందో, లోకం లెక్కచేసే మనిషి ఎలా మాట్లాడుతాడో వారు చూచుకుంటున్నారు.

బజారులో దొరికే కథానాయకుల దుస్తులు ఒక్క కథనే చెబుతాయి. పాత తువ్వాలు రాజుగారి ఉత్తరీయమవుతుంది, ఉయ్యాల అవుతుంది, నది అవుతుంది. పాఠశాల గ్రంథాలయంలో కథల పుస్తకాల పక్కనే ఒక మూల చిన్న పెట్టె ఉంచడానికి పెద్ద ఖర్చు కాదు: రెండు ఓణీలు, ఒక చొక్కా, అద్దాలు తీసేసిన కళ్లజోడు చట్రం, వాడిన బస్సు టిక్కెట్లు, చిరునామా వ్రాసిన పాత పోస్టుకార్డులు, ఒక కర్ర. మెడకు బిగుసుకునే తాళ్లు, మింగగల చిన్న పూసలు అందులో ఉండరాదు. పెద్దవారు పిలిస్తే వెళ్లాలి, ఇచ్చిన పాత్ర వేయాలి. ఉత్తుత్తి అన్నం ముందు కూర్చున్నప్పుడు "ఈ గిన్నె ఏ రంగు?" అని పరీక్ష పెట్టకుండా "కూరలో ఉప్పు తగ్గిందేమో" అనాలి. బడిగంట కొట్టవలసి వస్తే, ఐదు నిమిషాల ముందు ఆ మాట కండక్టరుతో చెప్పాలి. బస్సును ఆపడం అతని పని.